చిన్నప్పటి కష్టాలు, పుట్టుకతో వచ్చిన స్వభావం, పెద్దయ్యాక బతికే తీరు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. క్లాసు అయిపోయాక తలుపు దగ్గర ఆగి, అందరూ వెళ్లిపోయారని చూసుకుని, గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పిల్లలే కాదు, వాళ్ల అమ్మానాన్నలూ అడుగుతారు. బ్యాచులు మారినా ఆ ప్రశ్నలు మాత్రం మారడం లేదు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట రాసిపెట్టాను. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

చిన్నప్పటి కష్టాలంటే ఏవి? మా ఇంట్లో గొడవలు రోజూ ఉండేవి, అవీ లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టర్ 1980లలో అమెరికాలోని శాన్ డియాగోలో ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవారు. చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తుంటే ఎందుకా అని ఆరా తీశారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు లైంగిక వేధింపులు పడ్డవాళ్లని తెలిసింది. తర్వాత ఆయన, రాబర్ట్ ఆండా కలిసి 1995–97 మధ్య 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. ఆ పని నుంచే పది రకాల కష్టాల జాబితా స్థిరపడింది: కొట్టడం, మాటలతో హింసించడం, లైంగిక వేధింపు, తిండీ బట్టా పట్టించుకోకపోవడం, ప్రేమగా చూసే దిక్కు లేకపోవడం, ఇంట్లో తల్లిని కొట్టడం, తాగుడు లేదా మత్తు, మానసిక జబ్బు, తల్లిదండ్రులు విడిపోవడం, ఇంట్లో ఎవరైనా జైలుకు వెళ్లడం. దాదాపు మూడింట రెండు వంతుల మంది కనీసం ఒకటి ఉందన్నారు. ఎనిమిది మందిలో ఒకరు నాలుగు, అంతకంటే ఎక్కువ ఉన్నాయన్నారు.

ఆ జాబితా అక్కడి వాళ్లను చూసి తయారైంది. మన దగ్గర కరువు, అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చోవడం, వలస, కులం పేరుతో బడిలో అవమానం, ఆడపిల్లని చదువు మాన్పించడం కూడా కలపాలి. అవి కలపకుండా లెక్కేస్తే మన పిల్లల్లో సగం మంది కష్టాలు కనిపించవని నా నమ్మకం.

ఆ పది కష్టాల్లో ఒక్కోదానికి ఒక్క మార్కు వేసే టెస్ట్ ఆన్‌లైన్‌లో చేశాను, 6 వచ్చింది. నా జీవితం ఇక అంతేనా?

కాదు. ఆ స్కోరు వేలమందిని కలిపి చూడడానికి తయారైంది, ఒక మనిషి జాతకం చెప్పడానికి కాదు. జిల్లా సగటు వర్షపాతం తెలిసినంత మాత్రాన మీ చేలో ఎన్ని చినుకులు పడ్డాయో చెప్పలేం కదా. ఆ అధ్యయనం చేసిన ఆండా కూడా 2020లో ఈ స్కోరును ఒక్కొక్కరి భవిష్యత్తు తేల్చడానికి వాడొద్దని హెచ్చరించారు. ఏ వయసులో జరిగింది, ఎన్నిసార్లు జరిగింది, ఆ పూట మిమ్మల్ని దగ్గరికి తీసుకున్నవాళ్లు ఉన్నారా, ఇవేవీ ఆ అంకెలో ఉండవు.

స్వభావం పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా?

రెండింటితోనూ. స్వభావాన్ని పరిశోధకులు ఐదు గుణాలతో కొలుస్తారు: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో పద్ధతి, నలుగురిలో కలిసే తత్వం, ఎదుటివాళ్లతో సర్దుకుపోవడం, త్వరగా ఆందోళన పడే గుణం. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ గుణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువుల నుంచి వస్తుంది. మీలో సగం అమ్మానాన్నలు, సగం మీరు అని దీని అర్థం కాదు. జనంలో కనిపించే తేడాల గురించిన లెక్క ఇది.

ఒకే ఇంట్లో పెరిగాం. అన్నయ్య హాయిగా ఉన్నాడు, నేనెందుకు ఇలా ఉన్నాను?

ఇల్లు ఒకటే అయినా మీ ఇద్దరి బాల్యం ఒకటి కాదు. నాన్న వ్యాపారం దెబ్బతిన్నప్పుడు అన్నయ్య హాస్టల్లో ఉండి ఉండొచ్చు, మీరు వంటింట్లో అమ్మ కొంగు పట్టుకుని ఉండి ఉండొచ్చు. అమ్మ తన బాధంతా చెప్పుకున్నది మీతోనే కావచ్చు.

స్వభావం పాత్ర కూడా ఉంది. రేగు చెట్టు రాళ్లలో కూడా కాస్తుంది. తమలపాకు తీగకు నీడ కావాలి, తడి కావాలి, పాకడానికి ఆసరా కావాలి. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఆ తీగలాంటివాళ్లు. థామస్ బాయ్స్, జే బెల్‌స్కీ లాంటి పరిశోధకులు ఈ పిల్లల గురించి చెప్పిన విషయం నాకు చాలా ఇష్టం. చెడ్డ ఇంట్లో అందరికంటే ఎక్కువ దెబ్బతినేదీ వీళ్లే, మంచి చోట పడితే అందరికంటే బాగా ఎదిగేదీ వీళ్లే. కాబట్టి మీరు బలహీనులని కాదు. మీకు చుట్టూ ఉన్న వాతావరణం ఎక్కువ అంటుకుంటుంది, అంతే.

## బాల్యం గురించి

మూడేళ్ల లోపు జరిగినవి నాకు గుర్తే లేవు. అయినా వాటి ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. రొమేనియా అనాథాశ్రమాల్లో పసిపిల్లలకు తిండి పెట్టేవాళ్లు గానీ ఎత్తుకుని ఆడించేవాళ్లు లేరు. బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో అలాంటి 136 మంది పిల్లల్లో సగం మందిని, చీటీ తీసినట్టు ఎంపిక చేసి, పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్లు కోలుకున్నారు. సుమారు రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లలో మనుషులకు దగ్గరయ్యే గుణం ఇంకా బాగా తిరిగొచ్చింది. ఆ పిల్లలకు అనాథాశ్రమం గుర్తుండదు, కానీ శరీరానికీ మెదడుకూ తెలుసు.

ఒక్క జాగ్రత్త. గుర్తులేనిదాన్ని బలవంతంగా తవ్వి తీయాలని చూడకండి. పదేపదే అడిగితే జరగనిది కూడా జరిగినట్టు అనిపించే ప్రమాదం ఉంది.

నాన్న తాగొచ్చి గొడవ చేసేవాడు. ఇప్పటికీ బండి చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది. ఇది జబ్బా?

నా విద్యార్థిని ఒకమ్మాయి చెప్పింది. రాత్రి నాన్న బండి సందు మలుపు తిరగ్గానే టీవీ సౌండ్ తగ్గించేదట. స్టాండ్ ఒక్క తన్నుకే పడితే ఆ పూట పర్వాలేదు. రెండు మూడుసార్లు జారితే, తమ్ముడి చెయ్యి పట్టుకుని పెరటి గుమ్మంలోంచి పక్కింటి పిన్ని దగ్గరికి వెళ్లిపోయేది. అప్పుడు ఆ పిల్లకు తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్ల పిల్ల స్టాండ్ చప్పుడులో తాగిన మోతాదు లెక్కకట్టింది!

అప్పుడది జబ్బు కాదు, రక్షణ. సెత్ పొలాక్ అనే పరిశోధకుడు దెబ్బలు తిన్న పిల్లలకు మసక మసకగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించాడు. మిగతా పిల్లలకంటే ముందే వాళ్లు అందులో కోపాన్ని పసిగట్టారు. చిక్కల్లా తర్వాతే వస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మేనేజర్ ల్యాప్‌టాప్ మూత కాస్త గట్టిగా మూసినా ఆమె చేతులు చల్లబడిపోతాయి. ప్రమాదం పోయింది, కాపలా మాత్రం పోలేదు. నిద్ర పట్టకపోవడం, పీడకలలు, నలుగురిలోకి వెళ్లలేకపోవడం కూడా ఉంటే డాక్టర్‌కు చూపించుకోండి. అవి తగ్గేవే.

కష్టాలు పడితేనే మనిషి రాటుదేలుతాడంటారు కదా?

కొన్ని నేర్పులు వస్తాయి, నిజమే. రేపేమవుతుందో తెలియని ఇళ్లలో పెరిగినవాళ్లు, పరిస్థితి అనిశ్చితంగా ఉన్నప్పుడు, ఒక పని నుంచి ఇంకో పనికి మనసు మళ్లించడంలో చురుగ్గా ఉన్నారని 2015లో వచ్చిన ఒక పరిశోధన చెబుతుంది. అదే పరిశోధనలో, దృష్టి చెదిరిపోకుండా నిగ్రహించుకోవడంలో వాళ్లు వెనకబడ్డారు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది.

"దండం దశగుణం భవేత్" అని పిల్లల్ని బాదేవాళ్లకు ఇది సాకు కాదు. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. రాటుదేలినవాళ్లు మనకు కనిపిస్తారు, మాట్లాడతారు, స్టేజీ ఎక్కుతారు. విరిగిపోయినవాళ్లు కనిపించరు.

కరువు ఊళ్లో పుట్టాం, వలసలో పెరిగాం. జీవితాంతం వెనకబడే ఉంటామా?

దీనికి మన గడ్డ మీదే సమాధానం దొరికింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో నాలుగు దేశాల్లో మొదలైంది. మన దేశంలో దానికి ఎంచుకున్నది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి అనుసరించారు. 2,000 మంది 2001–02 ప్రాంతంలో పుట్టినవాళ్లు, 1,000 మంది 1994–95లో పుట్టినవాళ్లు.

ఆ సమాచారంతో జరిగిన ఒక విశ్లేషణ కరువు దెబ్బ తగిలిన కుటుంబాల పిల్లల్ని చూసింది. కరువు వాళ్ల ఎత్తు బరువుల మీద దెబ్బకొట్టింది. బడిలో మధ్యాహ్న భోజనం అందిన పిల్లల్లో ఆ లోటు చాలావరకు పూడింది. ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు. బాల్యంలో పడిన దెబ్బకు మందు మనసులోనే వెతకనక్కర్లేదు, పళ్లెంలో కూడా ఉంటుంది. మధ్యాహ్న భోజనాన్ని చిన్నచూపు చూసేవాళ్లతో నేను గట్టిగా వాదించేది ఇందుకే.

తల్లిదండ్రులు సరిగా లేకపోయినా, ఎవరో ఒకరు మంచిగా చూస్తే సరిపోతుందా?

చాలామందికి అదే ఆధారమైంది. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. మూడో వంతు మంది పేదరికం, తాగుడు, గొడవల మధ్య పెరిగారు. వాళ్లలో కూడా మూడింట ఒకరు చక్కని మనుషులయ్యారు. వాళ్ల దగ్గర రెండు కనిపించాయి. ఒకటి, చిన్నప్పటి నుంచీ ఇతరులను ఆకట్టుకునే స్వభావం. రెండు, తాతో నాయనమ్మో టీచరో, గట్టిగా నిలబడిన ఒక్క మనిషి. స్వభావం మనిషిని రప్పించింది, మనిషి స్వభావాన్ని నిలబెట్టాడు. పద్దెనిమిదేళ్లకు దారితప్పిన వాళ్లలో కూడా చాలామంది ముప్పైలు దాటేసరికి మంచి పెళ్లితోనో, ఉద్యోగంతోనో, మళ్లీ చదువుకునో గాడిలో పడ్డారు.

## చదువు, ఉద్యోగం, డబ్బు

జీతం పడిన వారానికే అయిపోతుంది. నాకు క్రమశిక్షణ లేదా?

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని గమనిస్తే, చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నవాళ్లు 32 ఏళ్లకు డబ్బు ఇబ్బందుల్లో ఎక్కువగా ఉన్నారు. కాబట్టి స్వభావం పాత్ర ఉంది. కానీ నిగ్రహం ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి.

2013లో వచ్చిన ఒక పరిశోధనలో, అమెరికాలోని రోచెస్టర్‌లో 28 మంది చిన్నపిల్లల ముందు ఒక్కో మిఠాయి పెట్టి, ఆగితే రెండోది ఇస్తామన్నారు. అంతకుముందే సగం మంది దగ్గర, మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలే. తర్వాత ఇస్తాం అన్నవి ఎప్పుడూ రాని ఇంట్లో, చేతికందినది వెంటనే వాడుకోవడమే తెలివి. మీరు ఆ తెలివినే ఇప్పటికీ వాడుతున్నారేమో చూసుకోండి. జీతం పడిన రోజే కొంత ఆర్‌డీలోకి దానంతట అదే వెళ్లేలా పెట్టండి. రోజూ మనసుతో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

నాది దానికి పూర్తిగా రివర్స్. లక్షలున్నా ఖర్చు పెట్టాలంటే భయం.

ఇదీ ఆ లేమి నుంచే రావచ్చు. నాకు తెలిసిన ఒకాయన సాఫ్ట్‌వేర్‌లో మంచి హోదాలో ఉన్నాడు. ఆఫీసు సొరుగులో ఎప్పుడూ నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు ఉంటాయి. మూడు అయ్యాయంటే ఆ సాయంత్రమే కొంటాడు. చిన్నప్పుడు అమ్మ బియ్యం తీస్తుంటే గ్లాసు డబ్బా అడుగుకు తగిలిన చప్పుడు తనకింకా చెవిలో ఉందంటాడు. వాళ్ల తమ్ముడు చేతిలో రూపాయి నిలవనివ్వడు. ఒకే డబ్బా, ఒకే చప్పుడు. పద్ధతీ ఆందోళనా ఎక్కువున్న అన్న దాచుకోవడం మొదలుపెట్టాడు. సరదా మనిషైన తమ్ముడు, ఉన్నప్పుడే తినేయాలనుకున్నాడు. కష్టం ఒక్కటే ఉంటే మనిషి ఎటు వెళ్తాడో చెప్పలేం. స్వభావం తోడైతేనే దారి తేలుతుంది.

మీరు ఏడాదికి ఇంత అని ఒక చిన్న మొత్తం "ఖర్చు చేయాల్సిందే" అని పక్కన పెట్టి చూడండి. మొదటిసారి నిజంగానే కష్టంగా ఉంటుంది.

కష్టాల్లో పెరిగినవాళ్లు త్వరగా పెళ్లి, త్వరగా పిల్లలు అని తొందర పడతారని చదివాను. నిజమా?

1991లో బెల్‌స్కీ, స్టైన్‌బర్గ్, డ్రేపర్ అలాంటి సిద్ధాంతమే చెప్పారు. భద్రత లేని బాల్యం, జీవితం చిన్నది, త్వరపడు అని శరీరానికి నేర్పుతుందని వాళ్ల ఆలోచన. కొంత ఆధారం ఉంది, విమర్శలూ ఉన్నాయి. జంతు జాతుల మధ్య తేడాల కోసం పుట్టిన ఆలోచనను మనిషికీ మనిషికీ మధ్య తేడాలకు అతికించారన్నది వాటిలో పెద్దది. మన ఊళ్లలో ఇంకో మాట కలపాలి. పదహారేళ్ల పిల్లకు పెళ్లైపోయిందంటే అది ఆ పిల్ల ఎంచుకున్నది కాదు, ఇంట్లోవాళ్లు చేసింది. దాన్ని ఆమె స్వభావం ఖాతాలో వేయకండి.

ఎంత ఇబ్బందైనా ఎవరినీ సాయం అడగలేను. గర్వం అంటారు.

గర్వం కాకపోవచ్చు. చిన్నప్పుడు అడిగిన ప్రతిసారీ తిట్టో, ఎగతాళో ఎదురైతే అడగడం మానేస్తాం. చిన్నవాటితో మొదలుపెట్టండి. పక్క సీటు మనిషిని ఛార్జర్ అడగండి.

## పెళ్లి, సంసారం

పెళ్లి కుదిరే ముందు ఇవన్నీ అబ్బాయికి చెప్పాలా?

పెళ్లిచూపుల్లో, పెద్దల ముందు అక్కర్లేదు. ఇద్దరే మాట్లాడుకునే సమయంలో, రోజువారీ జీవితంలోకి వచ్చేవి చెప్పండి. "గట్టిగా అరిస్తే నేను బిగుసుకుపోతాను" అన్న ఒక్క మాట చాలు. కథంతా చెప్పాలో వద్దో, ఎప్పుడో, అది మీ ఇష్టం. ఆ ఒక్క మాట విన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో మాత్రం చూడండి.

గొడవ వస్తే ఆయన నోరు మూసుకుని బయటికి వెళ్లిపోతారు. నేను వెంటపడి అడుగుతాను. మాకు పడదా?

ఇలాంటి జంటలు చాలా ఉంటాయి. పసిపిల్లలు తల్లికి ఎలా అతుక్కుంటారో ముందు ఉగాండాలో, తర్వాత అమెరికాలో గమనించిన మేరీ ఐన్స్‌వర్త్, తల్లి కాసేపు బయటికెళ్లి తిరిగి రాగానే కొందరు ముఖం తిప్పుకోవడం, కొందరు వదలకుండా ఏడవడం చూసింది. పెద్దయ్యాక కూడా ఈ రెండు తీరులూ కనిపిస్తాయి. ఒకరికి మౌనం గూడు, ఇంకొకరికి అదే మౌనం నరకం. మీ ఇద్దరికీ వీలైన ఒప్పందం ఇలా ఉండొచ్చు: ఆయన వెళ్లొచ్చు, కానీ ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పి వెళ్లాలి. ఆ సమయం వరకు మీరు ఫోన్ చేయకూడదు.

నన్ను కొడుతున్నాడు. వాళ్ల నాన్న కూడా తనని అలాగే కొట్టేవాడట. అర్థం చేసుకోవాలా?

అర్థం చేసుకోవచ్చు, కానీ దెబ్బలు భరించకూడదు. ఎందుకు కొడుతున్నాడో తెలిసినంత మాత్రాన దెబ్బ దెబ్బ కాకుండా పోదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం మీకు రక్షణ ఇస్తుంది. ఆయన బాల్యాన్ని బాగుచేసే పని డాక్టర్‌ది, ఆయనది. మీది కాదు.

## పిల్లలు పుట్టాక

నేనూ మా నాన్నలాగే తయారవుతానేమోనని భయం.

దెబ్బలు తిని పెరిగినవాళ్లలో ఎక్కువమంది తమ పిల్లల్ని అలా హింసించరు. ముప్పు పెరుగుతుంది, అంతవరకు నిజం. హోంవర్క్ దగ్గర కేకేసి, పిల్ల భుజాలు ముడుచుకోవడం చూసి మీ కడుపు తరుక్కుపోయిందంటే, మీ నాన్నకు కనపడనిది మీకు కనపడింది. వెళ్లి పక్కన కూర్చుని "నేను అరవకుండా ఉండాల్సింది, తప్పు నాది" అనండి. ఈ మాట చిన్నప్పుడు మీకెవరూ చెప్పి ఉండరు. అందుకే మొదటిసారి నోరు పెగలదు.

మేమిద్దరం గల్ఫ్‌లో ఉన్నాం. పాప అమ్మమ్మ దగ్గర ఉంది. తనకు ఇది జీవితాంతం మచ్చ అవుతుందా?

ఎడబాటు చిన్న విషయం కాదు. కానీ మనసున్న అమ్మమ్మ ఒకే ఇంట్లో, ఒకే పద్ధతిలో చూసుకుంటుంటే అది పెద్ద అండ. అమ్మమ్మ దగ్గర ఆరు నెలలు, బాబాయి దగ్గర ఆరు నెలలు అని తిప్పకండి. ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి. సెలవు అయిపోయి తిరిగి వెళ్లేటప్పుడు పాప నిద్రపోతుండగా జారుకోకండి. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లండి. చెప్పకుండా పోతే మళ్లీ వచ్చినప్పుడు నిద్రపోవడానికే భయపడుతుంది.

## మారాలనుకున్నప్పుడు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. స్వభావం మారుతుందా?

మారుతుంది, కొంతవరకు. 2017లో 207 అధ్యయనాలను కలిపి చూస్తే, కొన్ని వారాల చికిత్సతోనే స్వభావంలో మార్పు కనిపించింది. అన్నిటికంటే ఎక్కువ మారింది ఆందోళన పడే గుణమే, అది తగ్గింది. మొహమాటస్థుడు సభల్లో మైకు పట్టుకుని గంట మాట్లాడకపోవచ్చు. కానీ పెళ్లి భోజనాల్లో ఎవరి పక్కన కూర్చోవాలా అని టెన్షన్ పడకుండా తినగలడు.

అమ్మానాన్నలు ముసలివాళ్లయ్యారు. ఇప్పుడు వాళ్లను క్షమించాలా?

క్షమిస్తేనే మీరు బాగుపడతారన్నది నియమం కాదు. మందులు కొనిస్తూ, ఆసుపత్రికి తీసుకెళ్తూ, లోపల ఇంకా కోపం ఉన్న కొడుకులు, కూతుళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కొందరికి తల్లిదండ్రుల బాల్యం గురించి మేనత్తనో పెదనాన్ననో అడిగి తెలుసుకుంటే కోపం కాస్త పలచబడుతుంది. పలచబడకపోయినా ఫర్వాలేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఏమని చెప్పాలి?

14416కు ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. కష్టంలో ఉన్నది పిల్లలైతే 1098. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. చిన్నప్పటి కథంతా మొదటిరోజే చెప్పాలని లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ" అనండి. ఆ తర్వాత ఏమడగాలో వాళ్లకు తెలుసు.